పుట్టుక నుంచి బాల్యానికి: పునర్నేర భావన - తెలుగునేల చరిత్ర, మనోవిజ్ఞాన పరిశోధన

వ్యాససంగ్రహం:
ఒకసారి శిక్ష అనుభవించిన వ్యక్తి మళ్లీ నేరానికి పాల్పడటాన్ని ఈ వ్యాసంలో ‘పునర్నేరం’ అని వ్యవహరిస్తున్నాం. దీనికి కారణం పుట్టుకలో ఉందని వలసపాలనాకాలపు చట్టం భావించింది. బాల్యంలోని అతిచురుకుదనం, చదువులో వెనుకబాటు, ఇంటి ఇబ్బందులు ఒకచోట కలిసినప్పుడు ఆ ముప్పు పెరుగుతుందని ఆధునిక క్లినికల్ సైకాలజీ చెబుతోంది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, స్టూవర్టుపురం సెటిల్మెంటు ఆధారంగా మొదటి భావనను, టెర్రీ మాఫిట్ పరిశోధన ఆధారంగా రెండో భావనను పరిశీలించి, రెండింటి మధ్య ఉన్న భేదాన్నీ, రెండో భావన మొదటిదానిలోకి జారిపోయే ప్రమాదాన్నీ చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పునర్నేరం, అతిచురుకుదనం, ఎరుకలవారు, స్టూవర్టుపురం, విముక్తజాతులు, బాలల న్యాయం.

1. ఉపోద్ఘాతం

మనిషి నడవడిని గురించి తెలుగువారి నోట తరచుగా వినిపించే సామెతలు రెండున్నాయి. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్నది ఒకటి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నది మరొకటి. పైకి రెండూ ఒకే నిరాశను చెబుతున్నట్లు కనిపిస్తాయి. నిజానికి వాటి భావాలు వేరు. మొదటి సామెత మనిషి స్వభావాన్ని పుట్టుకకు కట్టివేస్తుంది. రెండోది బాల్యంలో మార్పుకు చోటుందని అంగీకరించి, ఆ అదను దాటిపోతే కష్టమని హెచ్చరిస్తుంది.

నేరం గురించి, ముఖ్యంగా పునర్నేరం గురించి, గత నూటయాభై ఏళ్లలో సాగిన ఆలోచన కూడా ఈ రెండు సామెతల నడుమనే తిరిగింది. ఈ చరిత్రలో తెలుగునేలకు ప్రత్యేకస్థానం ఉంది. మొదటి భావనను వేలాదిమంది జీవితాలపై అమలుచేసిన సెటిల్మెంట్లలో కొన్ని కృష్ణాతీరంలోను, గుంటూరు, నెల్లూరు మండలాల్లోను వెలిశాయి. కాబట్టి ‘నేరస్థుడి బాల్యం’ అన్న విషయాన్ని తెలుగులో చర్చించేటప్పుడు ఆ అనుభవాన్ని పక్కనపెట్టడం సాధ్యంకాదు.

2. చట్టంలో పుట్టుక

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. భారతదేశంలో వృత్తులు కులాన్నిబట్టి తరతరాలుగా సంక్రమిస్తాయి కాబట్టి నేరాన్ని వృత్తిగా చేసుకొన్న కులాలు కూడా ఉంటాయన్నది ఆ చట్టం వెనుక ఉన్న తర్కం. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లు దొంగ కొడుకు దొంగ అవుతాడని పాలకులు నమ్మారు. మొదట ఉత్తర భారతానికి పరిమితమైన ఈ చట్టాన్ని 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. 1924లో మరోసారి సవరించారు.

ఈ చట్టాల్లో మన చర్చకు అవసరమైన అంశాలు మూడున్నాయి. మొదటిది: ఒక సముదాయాన్ని ‘నేరజాతి’గా ప్రకటించాక ఆ ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే వీలులేదు. రెండోది: షెడ్యూలులో చేర్చిన నేరాలకు సంబంధించి, అటువంటి సముదాయానికి చెందిన వ్యక్తికి రెండోసారి శిక్షపడితే, ప్రత్యేక కారణాలు లేనప్పుడు, కనీసం ఏడేళ్ల జైలు, మూడోసారి పడితే ద్వీపాంతరవాసం. భారతీయ శిక్షాస్మృతిలోని 75వ సెక్షను పాత నేరస్థులందరికీ శిక్షను పెంచే అవకాశమిస్తే, ఈ చట్టం పుట్టుకను చూసి మరింత కఠినమైన శిక్షను నిర్ణయించింది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారం ప్రభుత్వానికి దక్కింది.

ఈ మూడో అంశంలో ఒక వైరుధ్యం ఉంది. నేరం నెత్తురులో ఉన్నదైతే పిల్లవాణ్ణి తల్లి దగ్గరనుంచి తీసుకుపోయినందువల్ల ప్రయోజనం ఉండదు. తీసుకుపోతే మారతాడని నమ్మినట్లయితే నేరం పుట్టుకలో లేదని ఒప్పుకొన్నట్లే. చట్టం ఈ రెండు భావనలనూ ఏకకాలంలో అమలుచేసింది. పెద్దలను శిక్షించడానికి పుట్టుకను, పిల్లలను వేరుచేయడానికి పెంపకాన్ని కారణంగా చూపింది.

3. స్టూవర్టుపురం

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం పరిధిలోకి వచ్చిన ప్రధాన సముదాయాల్లో ఎరుకలవారు ఒకరు. తమిళప్రాంతంలో వీరిని కొరవలని పిలుస్తారు. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పరిశోధన గ్రంథం వీరి పూర్వవృత్తిని వివరంగా చర్చించింది. తీరప్రాంతపు ఉప్పును పశువుల మీద లోపలి గ్రామాలకు మోసి, ధాన్యానికి మారకం వేసే సంచారవర్తకులు వీరు. ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైలుమార్గాలు, అడవిపై ఆంక్షలు, వరుస కరవులు ఈ జీవనాధారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయిన సంచారులు పాలకుల దృష్టిలో అనుమానితులయ్యారు.

1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో బాపట్ల సమీపాన ఏర్పడిన సెటిల్మెంటుకు మద్రాసు గవర్నరు కార్యనిర్వాహకమండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. కృష్ణ ఒడ్డున సీతానగరంలో అదే సంస్థ మరో సెటిల్మెంటును నడిపింది. నెల్లూరు మండలంలోని కావలి సెటిల్మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషనరీల నిర్వహణలో ఉండేది. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు, పూర్వపు ఐసీఎస్ అధికారి ఫ్రెడరిక్ బూత్ టక్కర్ నేరాన్ని నయంచేసే పద్ధతికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని ఒక కొత్త పేరే కల్పించాడు. నేరం ఒక వ్యాధి, సెటిల్మెంటు దానికి ఆసుపత్రి అన్న ధోరణి ఆ పేరులోనే ఉంది.

ఆచరణలో ఈ చికిత్స అంటే నిర్ణీతవేళల్లో హాజరు, ఊరు దాటాలంటే అనుమతిచీటీ, వేలిముద్రలు, కూలిపని. చీరాలలో నెలకొన్న పొగాకు కర్మాగారానికి స్టూవర్టుపురం శ్రామికులను అందించే కేంద్రంగా కూడా మారింది. సంస్కరణ పేరుతో జరిగిన స్థిరనివాసానికీ, చౌకగా దొరికే శ్రమకూ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని మీనా రాధాకృష్ణ గ్రంథం స్పష్టంగా చూపింది. పిల్లలను పెద్దల ప్రభావం నుంచి తప్పించి చదివించాలన్నది సెటిల్మెంటు విధానంలో అంతర్భాగం.

నేటి ఖమ్మం మండలం నుంచి చూసేవారికి ఇక్కడ ఒక భౌగోళిక వాస్తవం గుర్తుంచుకోదగ్గది. ముదిగొండ ప్రాంతం అప్పట్లో నిజాం పాలనలో ఉండగా, భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోని గోదావరి మండలంలో ఉండేది. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. సంచారజీవులకు ఒకే అడవిదారిగా ఉన్నది పాలకులకు రెండు రాజ్యాల సరిహద్దు. ఎల్లలు దాటి తిరగడమే జీవికగా ఉన్నవారిని, తిరగడమే అనుమానానికి హేతువుగా భావించే చట్టం ఎలా చూసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

4. లెక్కలో దాగిన పునర్నేరం

పునర్నేరాన్ని కొలవడం పైకి సులభంగా కనిపిస్తుంది. ఒకసారి శిక్షపడినవారిలో ఎందరు మళ్లీ శిక్షకు గురయ్యారో లెక్కిస్తే చాలుననిపిస్తుంది. అయితే ఏది నేరం, ఎవరిపై నిఘా ఉంది అన్న రెండు ప్రశ్నలకు వచ్చే సమాధానాన్నిబట్టి ఆ లెక్క మారిపోతుంది.

సెటిల్మెంటులో హాజరుకు రాకపోవడం, అనుమతి లేకుండా బంధువుల ఊరికి వెళ్లడం శిక్షార్హమైన నేరాలు. సెటిల్మెంటు వెలుపల నివసించే రైతుకు ఇవి నేరాలే కావు. ఒక రైతూ ఒక ఎరుకల యువకుడూ ఒకే విధంగా ప్రవర్తించినా, రికార్డుల్లో రైతు నిర్దోషిగాను, ఎరుకల యువకుడు పదేపదే తప్పుచేసేవాడిగాను నమోదవుతారు. పైగా ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసులు మొదట వెళ్లేది ఎవరి పేర్లు రిజిస్టరులో ఉన్నాయో వారి ఇళ్లకే. ఈ విధంగా పుట్టిన అంకెలను చూపి, ‘చూశారా, వీరి స్వభావం మారదు’ అని చెప్పడం వలసపాలన నివేదికల్లో ఆనవాయితీ అయింది. ఏ విషయాన్ని రుజువుచేయాలో దాన్నే ఆధారంగా స్వీకరించిన తర్కమిది.

ఈ పద్ధతిలో వ్యక్తిని పరిశీలించే అవసరమే రాలేదు. ఒక పిల్లవాడు కుదురుగా కూర్చోలేకపోతున్నాడా, అక్షరాలు పట్టుబడటంలేదా, ఇంట్లో తిండి ఉందా అన్న ప్రశ్నలకు సమాధానం సముదాయం పేరులోనే ముందుగా సిద్ధంగా ఉంది.

5. ఒకే కాలం, రెండు బాల్యాలు

సరిగ్గా ఈ కాలంలోనే లండనులో మరోరకమైన పరిశీలన మొదలైంది. పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ 1902లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో మూడు ఉపన్యాసాలిచ్చాడు. అవి అదే ఏడాది లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. తెలివితేటల్లో లోపంలేకపోయినా నిలకడ లేనివారు, కోపాన్ని అణచుకోలేనివారు, శిక్షించినా మళ్లీ అదే తప్పు చేసేవారు అయిన కొందరు పిల్లలను ఆయన వర్ణించాడు. ‘నైతిక నియంత్రణ లోపం’ అన్న ఆయన మాటలో ఆ కాలపు నీతిదృష్టి కనిపిస్తుంది. అయినా ఒక మౌలికమైన మార్పు అక్కడ జరిగింది. శిక్షకు లొంగని ప్రవర్తనను దుష్టత్వంగా కాక వైద్యపరిశీలనకు యోగ్యమైన స్థితిగా చూడటం మొదలైంది. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ ఉద్దీపక ఔషధంతో ఇటువంటి పిల్లల్లో వచ్చిన మార్పును ప్రకటించాడు. 1968, 1980, 1987 సంవత్సరాల వర్గీకరణల్లో పేరు మారుతూ వచ్చి, నేడు మనం ఏడీహెచ్‌డీ అని పిలుస్తున్న స్థితి స్థిరపడింది. అవధానం నిలవకపోవడం, అతిచురుకుదనం, ఆలోచించకముందే పనిచేయడం దీని ప్రధాన లక్షణాలు.

మద్రాసు రాష్ట్రంలో కూడా బాల్యాన్ని వేరుగా చూసే ఆలోచన అప్పుడే చట్టరూపం ధరించింది. భారతదేశంలోనే మొదటిదైన మద్రాసు బాలల చట్టం 1920లో వచ్చింది. తప్పుచేసిన పిల్లలను పెద్దల జైళ్లకు పంపకుండా ప్రత్యేకంగా విచారించి సంస్కరించాలన్నది దాని ఆశయం. 1926లో బోర్‌స్టల్ పాఠశాలల చట్టం కౌమారదశలోనివారికి ఇటువంటి ఏర్పాటునే చేసింది.

దీన్నిబట్టి 1920 తరువాత మద్రాసు రాష్ట్రంలో చట్టం ముందు రెండు బాల్యాలుండేవని చెప్పవచ్చు. సాధారణ కుటుంబంలో పుట్టిన బాలుడు ఏదైనా తప్పుచేసినప్పుడు మాత్రమే చట్టం పరిధిలోకి వస్తాడు. వచ్చినా బాలుడిగా పరిగణన పొందుతాడు. ‘నేరజాతి’గా ప్రకటితమైన కుటుంబంలో పుట్టిన బాలుడు ఏ తప్పూ చేయకముందే తల్లిదండ్రులకు దూరమయ్యే అవకాశం ఉంది. ఒకే శాసనసభ పరిధిలో ఈ రెండు చట్టాలూ దశాబ్దాలపాటు పక్కపక్కనే అమలయ్యాయి.

6. మాఫిట్ పరిశోధన: ముందుకు చూసే పద్ధతి

అతిచురుకుదనానికీ పునర్నేరానికీ ఉన్న సంబంధాన్ని రెండు విధాలుగా పరిశీలించవచ్చు. జైలులో ఉన్నవారి బాల్యాన్ని వెనక్కి తవ్విచూడటం ఒక పద్ధతి. పిల్లలను చిన్ననాడే ఎంచుకొని పెద్దయ్యేదాకా అనుసరించడం రెండోది. రెండు పద్ధతులూ వేర్వేరు చిత్రాలనిస్తాయి.

వివిధదేశాల అధ్యయనాలను కలిపి 2015లో సుసాన్ యంగ్ బృందం చేసిన విశ్లేషణ, నిర్బంధంలో ఉన్నవారిలో సుమారు నాలుగోవంతుమందికి ఏడీహెచ్‌డీ ఉందని అంచనావేసింది. ఈ అంకె వినగానే అటువంటి పిల్లల్లో నాలుగోవంతు జైలుకు వెళ్తారని అనిపించవచ్చు. అది పొరపాటు. చెరువులో మునిగినవారిలో ఈతరానివారు ఎక్కువగా ఉంటారు. అంతమాత్రాన ఈతరానివారిలో ఎక్కువమంది మునిగిపోతారని కాదు. అమెరికన్ పరిశోధకురాలు లీ రాబిన్స్ 1966లో ప్రచురించిన గ్రంథం ఇదే విషయాన్ని తేల్చింది. శిశుమార్గదర్శక కేంద్రానికి వచ్చిన 524 మందిని ముప్ఫై ఏళ్ల తరువాత వెతికి పరిశీలించిన అధ్యయనమది. సంఘవ్యతిరేక ప్రవర్తన ఉన్న పెద్దల బాల్యంలో దాదాపుగా అటువంటి ప్రవర్తనే కనిపించింది. కానీ అటువంటి ప్రవర్తన ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక అలా మిగలలేదు.

ఈ ముందుకు చూసే పద్ధతిని క్లినికల్ సైకాలజిస్టు టెర్రీ మాఫిట్ మరింత లోతుగా వాడింది. న్యూజిలాండులోని డునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన 1,037 మందిని మూడేళ్ల వయసునుంచి అనుసరిస్తున్న అధ్యయనం ఆమెకు ఆధారం. అందులోని 435 మంది బాలుర గురించి 1990లో ఆమె ప్రచురించిన వ్యాసం మన చర్చకు కీలకం. అవధానలోపం ఉండి నేరప్రవర్తన కూడా చూపిన బాలుర జీవితాల్లో కుటుంబ ఇబ్బందులు, మాటకు సంబంధించిన తెలివిలో తక్కువ మార్కులు, చదవడంలో వెనుకబాటు కలిసి కనిపించాయి. బడిలో చేరినప్పుడు, చదవడంలో విఫలమైనప్పుడు వారి ప్రవర్తన మరింత దిగజారింది. అవధానలోపం ఒక్కటే ఉన్న బాలుర కుటుంబాలు, చదువు మామూలుగానే ఉన్నాయి. వారిలో తీవ్రమైన నేరప్రవర్తన ఏర్పడలేదు.

ఈ ఫలితాన్ని నిదానంగా గ్రహించవలసి ఉంది. అతిచురుకుదనం పిల్లవాణ్ణి ఒంటరిగా జైలువైపు నడిపించడంలేదు. అక్షరం అందకపోవడం, ఇంట్లో ఆసరా లేకపోవడం దానికి తోడైనప్పుడు ముప్పు పెరుగుతోంది. మాఫిట్ 1993లో ప్రతిపాదించిన సిద్ధాంతం కూడా దీని కొనసాగింపే. కౌమారంలో తప్పుచేసి క్రమంగా మానుకొనేవారు ఎక్కువమంది. బాల్యంనుంచి జీవితమంతా కొనసాగించేవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో కూడా నాడీవికాసంలోని చిన్న లోపం ప్రతికూల పరిసరాలతో ఏళ్లతరబడి పెనగులాడటంవల్ల పెద్దదవుతుందని ఆమె వాదన.

మార్పు సాధ్యమనడానికి స్వీడనులో ఆధారం లభించింది. పాల్ లిక్టెన్‌స్టైన్ బృందం 2012లో ఏడీహెచ్‌డీ ఉన్న 25,656 మంది రికార్డులను పరిశీలించింది. ఒకే వ్యక్తి మందు వాడిన కాలాన్ని వాడని కాలంతో పోల్చినప్పుడు, వాడిన కాలంలో నేరాలరేటు పురుషుల్లో 32 శాతం, స్త్రీలలో 41 శాతం తక్కువగా ఉంది. ఇది పరిశీలన మాత్రమే కాబట్టి మందే ఏకైక కారణమని తీర్మానించలేం. కానీ పుడకలదాకా పోదని సామెత చెప్పిన బుద్ధి అదే మనిషిలో, ఏడాదికీ ఏడాదికీ మధ్య, మారినట్లు ఈ అంకెలు చూపుతున్నాయి.

7. రద్దయిన చట్టం, మిగిలిన మాట

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రద్దుకోసం పోరాడిన తెలుగువారిలో వెన్నెలకంటి రాఘవయ్య అగ్రగణ్యుడు. ఎరుకల, యానాది సముదాయాల మధ్య ఆయన సుదీర్ఘకాలం పనిచేశాడు. మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని తొలగించింది. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఏర్పడిన విచారణసంఘం సిఫారసు తరువాత, 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. అందుకే ఈ సముదాయాలను విముక్తజాతులంటున్నాం.

విముక్తి పూర్తికాలేదు. 1948లో మద్రాసులోను, 1962లో ఆంధ్రప్రదేశ్‌లోను అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. వీటిలో సముదాయం స్థానాన్ని వ్యక్తి ఆక్రమించడం సూత్రరీత్యా ముందడుగే. కానీ నిఘాపెట్టే చేతులూ, పాత రిజిస్టర్లూ మారలేదు. జనవ్యవహారంలో స్టూవర్టుపురం పేరు దొంగతనానికి పర్యాయపదంగా నిలిచిపోయింది. సినిమాలు ఆ ముద్రకు కొత్త ఆయువు పోశాయి. అక్కడి పిల్లవాడు ఊరిపేరు చెప్పుకోవడానికి సంకోచించే స్థితి చట్టం రద్దయిన తరువాతా కొనసాగింది.

1970వ దశకం నుంచి లవణం, హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురంలో చేసిన కృషి దీనికి భిన్నమైనది. హేమలత మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. సెటిల్మెంటు పిల్లవాణ్ణి కుటుంబం నుంచి విడదీసి సంస్కరించాలనుకొంది. వీరు కుటుంబాల మధ్యకే వెళ్లి నమ్మకం సంపాదించి, ఉపాధి, చదువు ద్వారా మార్పు తేవాలనుకొన్నారు.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ చరిత్రలో తాజా ఘట్టం. జైలు నియమావళుల్లో ‘అలవాటు నేరస్థుడు’ అన్న మాటను చట్టనిర్వచనానికి లోబడి మాత్రమే వాడాలనీ, కులాన్నిబట్టి ఖైదీలకు పనులు కేటాయించరాదనీ, జైలు రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలనీ న్యాయస్థానం ఆదేశించింది. విముక్తజాతులవారిని పుట్టుకతో నేరస్వభావం కలవారుగా చూసే వలసపాలన దృష్టిని తీర్పు తీవ్రంగా విమర్శించింది.

8. నేటి బడి, నేటి చట్టం

ఈ చరిత్ర తెలిసినవారికి ఆధునిక పరిశోధన పట్ల ఒక భయం కలగడం సహజం. నిన్న కులం పేరుతో వేసిన ముద్రను రేపు వ్యాధిపేరుతో వేయవచ్చు. ‘ఈ పిల్లవాడికి ఏడీహెచ్‌డీ, పెద్దయితే నేరస్థుడవుతాడు’ అని ఒక ఉపాధ్యాయుడు నమ్మితే, అతని చూపు సెటిల్మెంటు అధికారి చూపుకు భిన్నం కాదు. బడులు పిల్లవాణ్ణి వెనకబెంచీకి పంపడం, తరగతి బయట నిలబెట్టడం, చివరకు బడి మానిపించడం ద్వారా మాఫిట్ చెప్పిన చదువు వైఫల్యాన్ని చేజేతులా కల్పించే ప్రమాదం ఉంది.

మన చట్టాల్లో దీనికి తగిన రక్షణలు కొంతమేర ఉన్నాయి. 2015 నాటి బాలల న్యాయచట్టం ముద్రవేసే పదజాలాన్ని నిషేధించే సూత్రాన్నీ, కొత్తజీవితం మొదలుపెట్టే హక్కునూ మూడో సెక్షనులో చేర్చింది. అదే చట్టంలోని 15వ సెక్షను మాత్రం జాగ్రత్తగా వాడవలసినది. ఘోరనేరం చేసినట్లు ఆరోపణకు గురైన 16 ఏళ్లు నిండిన బాలల విషయంలో వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలను గ్రహించే శక్తిని, పరిస్థితులను ప్రాథమికంగా అంచనా వేయాలని, అందుకు మనోవిజ్ఞానవేత్తల సహాయం తీసుకోవచ్చని అది చెబుతోంది. అక్కడ ఏడీహెచ్‌డీ నిర్ధారణ పిల్లవాణ్ణి అర్థంచేసుకొనే సాక్ష్యంగా ఉపయోగపడాలి. ‘మారనివాడు’ అని తేల్చే సాక్ష్యంగా మారకూడదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో గుర్తించవలసిన 30 ఆరోగ్యస్థితుల్లో ఏడీహెచ్‌డీని కూడా చేర్చింది. ముదిగొండ వంటి గ్రామీణ మండలాల బడులకు, భద్రాచలం ఏజెన్సీలోని ఆశ్రమపాఠశాలలకు ఇది ఉపకరించే ఏర్పాటు. ఆశ్రమపాఠశాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఇంటిభాష కోయ అయి, బోధన తెలుగులో సాగుతున్నప్పుడు పిల్లవాడి అవధానం చెదరడానికి భాషే కారణం కావచ్చు. తల్లికి దూరమైన బెంగ కూడా కావచ్చు. వీటిని విచారించకుండా ‘కుదురులేనివాడు’ అని రాసేస్తే అది నిర్ధారణ అనిపించుకోదు.

9. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

• క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పునర్నేరానికి కారణం పుట్టుకలో వెతికింది. హాజరు తప్పడం వంటివాటిని నేరాలుగా ప్రకటించడం ద్వారా పునర్నేరాల అంకెలను తానే పెంచి, వాటినే తన నమ్మకానికి ఆధారంగా చూపింది.

• 1920 తరువాత మద్రాసు రాష్ట్రంలో బాలల చట్టం, క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పక్కపక్కనే అమలవడంవల్ల పుట్టుకనుబట్టి రెండురకాల బాల్యాలు ఏర్పడ్డాయి.

• మాఫిట్ పరిశోధన ప్రకారం అతిచురుకుదనం ఒక్కటే నేరానికి దారితీయదు. చదువులో వైఫల్యం, కుటుంబ ఇబ్బందులు తోడైనప్పుడే ముప్పు పెరుగుతుంది. ఈ రెండింటినీ సమాజం సరిదిద్దగలదు.

• జైలునుంచి వెనక్కి చూసిన అంకెలను పిల్లల భవిష్యత్తుకు వర్తింపజేయడం శాస్త్రవిరుద్ధం. బడిలో జరిగే ఆరోగ్యపరీక్ష ఫలితాలు చికిత్సకు, బోధనకు మాత్రమే ఉపయోగపడాలి. అవి పోలీసు రికార్డులకు చేరకుండా స్పష్టమైన నియమం ఉండాలి.

• ఎరుకల, యానాది వంటి విముక్తజాతుల పిల్లల విషయంలో ఈ నియమం మరింత అవసరం. వారి తాతముత్తాతల వేలిముద్రలు, వారు ఏ తప్పూ చేయకముందే, ఒక రిజిస్టరులోకి ఎక్కాయి. అటువంటి రిజిస్టరు మరో పేరుతో బడిలో మొదలుకాకుండా చూడవలసిన బాధ్యత ఉపాధ్యాయులపైన, మనోవిజ్ఞానవేత్తలపైన సమానంగా ఉంది.